రెండు వేళ్ల వదులు

కుక్కల డాక్టర్ మొదటి రోజే క్లాసు పాడుచేశాడు. ఇది పూసల టీచర్ అభిప్రాయం, ఆమె దాన్ని దాచుకోలేదు కూడా.

సెలవుల్లో లైబ్రరీ పైగదిలో ఆమె పిల్లలకు పూసలతో ఫ్రెండ్‌షిప్ బ్యాండ్లు చేయడం నేర్పుతోంది. మరీ చిన్నపిల్లలైతే పక్కన పెద్దవాళ్లెవరైనా కూర్చోవాలి. అక్క ఆఫీసుకు వెళ్తూ ఆ పని తమ్ముడికి అంటగట్టింది. పశువుల డాక్టరైన ఆ తమ్ముడు మేనకోడలి పక్కన బుల్లి కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. పూసలు వేళ్లకు చిక్కడం లేదని జేబులోంచి ఫోర్సెప్స్ తీశాడు.

అంతే, గదిలో ప్రతి పిల్లకూ ఫోర్సెప్స్ కావాల్సి వచ్చింది. లాక్కునే హడావిడిలో పూసల డబ్బా బోర్లా పడింది. టీచర్ అరవలేదు. చీపురు తెచ్చి అతని చేతికిచ్చింది.

"ఇది కూడా పరికరమే," అంది.

అతను బల్లల కింద దూరి పూసలన్నీ ఏరి, ఏ రంగుకారంగు సర్ది ఇచ్చాడు. ఆమె డబ్బా అందుకుంటూ అతని వంక ఒక చూపు చూసింది. అది మెచ్చుకోలో అనుమానమో తేల్చుకోవడానికి మర్నాడు పిలవకుండానే తయారయ్యాడు.

పిల్లలు వేసిన ముళ్లు ఇల్లు చేరేలోపే ఊడిపోయేవి. కుట్లు వేసే చెయ్యి కాబట్టి అతను వేసినవి ఊడేవి కావు. దాంతో ముళ్ల పని మొత్తం అతనికే వచ్చిపడింది. ఒకరోజు అతనికి బదులు అక్క వెళ్తే, డాక్టర్ గారు రాలేదేం అని టీచర్ అడిగిందట. ఆ ఒక్క మాట పట్టుకుని అతను వారమంతా హాయిగా బతికేశాడు.

ఆ గదిలో పిల్లలు పెట్టుకున్న చట్టాలు కొన్ని ఉండేవి. ఎవరి బ్యాండు వాళ్లు చేసుకోకూడదు. ఎవరికి ఇవ్వబోతున్నారో వాళ్ల మణికట్టుకు దారం చుట్టి కొలత తీసుకోవాలి. తొడిగాక జారి కిందపడితే ఆ స్నేహం రద్దు. అప్పీలు లేదు.

చివరి రోజు రానే వచ్చింది. బడులు తెరుస్తున్నారు, మర్నాటి నుంచి క్లాసు ఉండదు. లైబ్రరీకి రావడానికి అతనికి వేరే సాకు లేదు. పుస్తకాల కోసం వచ్చానని బొంకితే, ఏం చదివారని అడిగే రకం ఆమె. ఆమె అంటే అతనికి ఇష్టం, చాలా ఇష్టం. ఆ సంగతి అక్కకు తెలుసు, మేనకోడలికి తెలుసు, కాలికి కట్టు కట్టించుకోవడానికి వచ్చే ముసలి కుక్కకు కూడా తెలుసు. ఆమెకు చెప్పడమొక్కటే మిగిలింది.

నీలం పూసలతో తాను చేసిన బ్యాండును అతను టీచర్‌కు ఇచ్చాడు. ఆమె తొడుక్కుంది. బాగుందని చెబుతూ చెయ్యి దించింది. బ్యాండు సర్రున జారి నేల మీద పడింది.

"రద్దు," అంది పళ్లూడిన ఓ పిల్ల. మేనకోడలు ఏడుపు మొహం పెట్టింది.

టీచర్ బ్యాండు తీసి చూసింది. ముడి చెక్కుచెదరలేదు. ఇంత వదులేమిటని అడిగింది. కుక్క మెడకు పట్టీ కట్టేటప్పుడు రెండు వేళ్లు దూరేంత వదులు ఉంచాలని, లేకపోతే దానికి ఊపిరాడదని, ఆ అలవాటే ఇక్కడా వచ్చిందని అతను వివరించాడు. మాట నోరు దాటాక గానీ ఎవరితో ఏమంటున్నాడో తెలిసిరాలేదు.

ఆమె నవ్వలేదు. "అందరిలా నా చెయ్యి కొలుచుకోవచ్చుగా?"

"కొలవాలంటే చెయ్యి పట్టుకోవాలండి."

"పట్టుకుంటే?"

"కొలత అయ్యాక వదిలెయ్యాలి. అది నా వల్ల అయ్యేలా లేదు."

ఆ మాట కోసం తాను ఎన్నాళ్లుగా ఎదురుచూస్తోందో టీచర్‌కు ఆ క్షణాన తెలిసింది. జారిన బ్యాండును బల్ల మీద పెట్టింది.

"చట్టం ప్రకారం మన స్నేహం అయిపోయింది డాక్టర్ గారూ. ఇంకేమైనా ఉంటే అడగండి."

"నన్ను పెళ్లి చేసుకుంటారా?" మందు రోజూ పాలలో కలిపి పట్టమని చెప్పే గొంతుతోనే అడిగాడు.

ఆమె ఉండలోంచి కొత్త దారం తెంపి అతనికిచ్చి, చెయ్యి చాపింది.

అతను దారం చుట్టాడు. కొలత తీసుకోవడం అయిపోయింది. అతను చెయ్యి వదల్లేదు, ఆమె వెనక్కి తీసుకోలేదు.

కూతురి కోసం మెట్లెక్కి వచ్చిన అక్క గుమ్మంలో ఆగి లోపలికి చూసింది. తర్వాత తలుపు దగ్గరగా వేసి, వెనకాల నిలబడ్డ తల్లులతో క్లాసు ఇంకా అవలేదని చెప్పింది.