మూడో అంతస్తులో ఠక్కుమన్న మోత

ఆ ఆఫీసులో మూడో అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు.

పగలంతా మామూలు గదే. విరిగిన కుర్చీలు, చుట్టిపెట్టిన వైర్లు, మధ్యలో తెల్ల దుప్పటి కప్పిన ఒక పాత పిన్‌బాల్ యంత్రం. కాని చీకటి పడి మనుషులంతా వెళ్ళిపోయాక, తాళం వేసిన ఆ గదిలోంచి గంటలు మోగేవట. టింగ్... టింగ్ టింగ్... తర్వాత కాసేపు ఏమీ వినిపించదు. ఆ తర్వాత ఒకే ఒక్క మోత — ఠక్. లోపలినుంచి ఎవరో వేలి కణుపుతో చెక్కని కొట్టినట్టు.

ఈ సంగతి నాకు చెప్పినవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ అక్కడ పనిచేసినవాళ్ళే. గట్టిగా అడిగితే ముగ్గురూ ఒకే మాట అన్నారు. "మేం వినలేదు, పెద్దమ్మ చెప్పింది."

పెద్దమ్మ అంటే ఆ ఆఫీసు ఊడ్చే మనిషి. యాభై అయిదు దాటి ఉంటాయి. "ఏడయ్యాక ఆ వైపు పోకండి నాయనా. నేనంటే పని కాబట్టి గుండె రాయి చేసుకుని పోతున్నా" అనేది, చీపురు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని. ఆవిడ చెప్పే తీరుకి అందరూ ఆరున్నరకే సంచులు సర్దుకునేవాళ్ళు.

దెయ్యాలూ లేవు గియ్యాలూ లేవు అని కొట్టిపారేసే బాసు కూడా ఒకరోజు చీకటిపడ్డాక కాగితాలకోసం పైకెళ్ళి, ఒక కాలికే చెప్పుతో కిందికి దిగాడు. రెండోది మెట్లమీద ఎక్కడో ఊడిపోయిందట. వెతకడానికి మళ్ళీ వెళ్ళలేదు. మర్నాడే తన గదిని కింది అంతస్తుకి మార్పించుకున్నాడు. మోకాళ్ళ నొప్పులన్నాడు. ఆయనకి ముప్పై ఎనిమిదేళ్ళు.

ఆ ఆఫీసులో చేసేది కంప్యూటర్ ఆటలు. ఆ ఏడాది, ఏటవాలు బల్లమీద దొర్లే ఇనుప బంతిని కింద పడకుండా రెండు రెక్కలతో కొట్టి గంటలు మోగించే పాతకాలం పిన్‌బాల్ బల్లల్ని తెరమీద ఆడుకునేలా తయారుచేస్తున్నారు. ఏ బల్ల బయటికి పోవాలి, ఏది చెత్తబుట్టలోకి పోవాలి అని తేల్చే ఆవిణ్ణి అందరూ మార్కుల మేడం అనేవాళ్ళు. పదికి ఏడు వస్తే బల్ల బతికినట్టు. ఆవిడ చేతినుంచి ఏడు రావడమంటే మాటలు కాదు.

బొమ్మలు చూసి మురిసిపోయే రకం కాదావిడ. బంతికి బరువుందా? రెక్కతో కొడితే అనుకున్నచోటికి పోతోందా? గంట మోగేది బంతి తగిలినప్పుడా, అర క్షణం ఆలస్యంగానా? ఇవన్నీ అయ్యాక అసలు పరీక్ష. "ఓడిపోయినవాడు తనని తాను తిట్టుకోవాలి. బల్లని తిట్టాడంటే తప్పు బల్లదే" అనేది.

ఇప్పుడావిడ ముందున్న బల్ల పేరు 'సర్కస్ రాత్రి'. చేసింది స్వయానా ఆవిడ మరిది.

ఏడాదిపాటు చేశాడు. చివరి గదిలోని పాత యంత్రాన్నే నమూనాగా పెట్టుకుని, మేకు మేకూ కొలిచి, రంగు వెలిసినచోట వెలిసినట్టే దింపాడు. సింహం మీసంలో ఒక వెంట్రుక చెరిగిపోయి ఉంటే, అదీ చెరిగినట్టే గీశాడు. ఇంట్లో భోజనాల దగ్గర కూడా కంచంలో బఠాణీ గింజని రెండు వేళ్ళతో అటూ ఇటూ కొడుతుంటే వాళ్ళమ్మ విసుక్కునేది.

బల్ల చూడముచ్చటగా ఉంది. కాని ఆడితే... బంతి ఎడమకే పోయేది. ఎంత బాగా కొట్టినా, ఎటు కొట్టినా, చివరికి ఎడమవైపు సందులోకి జారి మాయమయ్యేది. మేడం యాభైసార్లు ఆడింది. అందులో ముప్పైతొమ్మిదిసార్లు ఎడమే.

"నేను సొంతంగా ఏదీ కల్పించలేదు వదినా. అసలు యంత్రం ఎలా ఉందో అలాగే పెట్టాను. వాలు కూడా కొలిచే పెట్టాను" అన్నాడు మరిది.

"నీ కొలతలు నేనేం చేసుకోను? ఆడుతుంటే ఒళ్ళు మండుతోంది. అదీ నామీద కాదు, నీ బల్లమీద."

మర్నాడు పదింటికల్లా మార్కులు ఇవ్వాలి. సాయంత్రం బాసు అడిగితే నాలుగు రావొచ్చంది. నాలుగు వేస్తే మరిది ఏడాది కష్టం బూడిదపాలు. ఏడు వేస్తే... సొంతవాడని వేసిందని నలుగురూ అనుకోవడం అటుంచి, రేపు అద్దంలో తన మొహం తను చూసుకోలేదు. మరిది వెళ్ళేముందు, "నీకు ఎంత వెయ్యాలనిపిస్తే అంతే వెయ్యి వదినా" అన్నాడు. దెబ్బలాడి ఉంటే బాగుండేది.

ఇంకొక్కసారి ఆడి చూద్దామని మూడో అంతస్తులోని పరీక్షల గదిలో ఒక్కతే ఉండిపోయింది. ఏడు దాటింది. ఎనిమిదీ కావస్తోంది.

యాభై ఒకటో ఆట. బంతి గిర్రున తిరిగి, సింహం నోటిని తాకి, కిందికొచ్చి — ఎడమకి జారిపోయింది. ఆవిడ విసుగ్గా తెర ఆపేసింది.

టింగ్.

తెర వైపు చూసింది. నల్లగా ఉంది. స్పీకరు తీగ లాగేసింది.

టింగ్ టింగ్... టింగ్...

శబ్దం వసారా చివరినుంచి వస్తోంది.

లేచి ఇంటికి పోవచ్చు. కాని మెట్లు కూడా ఆ చివరే ఉన్నాయి. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, గోడని రాసుకుంటూ నడిచింది. తలుపుకింద వెలుతురు లేదు... తాళం కొక్కేనికి వేలాడుతోంది... తలుపు బెత్తెడు తెరిచి ఉంది.

ఠక్.

అయినా తలుపు సందులోంచి చూసింది. తొంగిచూడకుండా ఉండగల మనిషి ఈ ఉద్యోగంలో చేరదు.

దుప్పటి లేచి నిలబడి ఉంది.

యంత్రంమీద పరిచి ఉండాల్సిన తెల్ల దుప్పటి, మనిషంత ఎత్తున లేచి, కదులుతోంది. దాని పొట్టలో ఎర్రదీపం, పచ్చదీపం, మళ్ళీ ఎర్రదీపం వెలిగి ఆరుతున్నాయి. నడుము ఒక్కసారి కుడికి విదిలించింది... టింగ్... ఎడమకి విదిలించింది... టింగ్ టింగ్...

కేక పెడదామంటే నోరు పెగల్లేదు. కాళ్ళు కదల్లేదు. చెవులు మాత్రం పనిచేస్తున్నాయి. బంతి దొర్లుతున్న చప్పుడు, రెక్క కొట్టిన చప్పుడు, గంట, మళ్ళీ రెక్క. అరనిమిషం... నిమిషం... రెండు నిమిషాలు. బంతి కింద పడలేదు. అంత భయంలోనూ ఆవిడ పాడు అలవాటు ఆవిడని వదల్లేదు. మనసులో మార్కులు వేస్తోంది.

ఏడు... ఎనిమిది... తొమ్మిది.

అప్పుడు ఆవిడ నోటినుంచి, ఆవిడకి తెలియకుండానే, గుసగుసగా ఒక మాట బయటపడింది.

"ఎడమకి... ఎందుకు పోవట్లేదు?"

దుప్పటి బిగుసుకుపోయింది. బంతి సందులో పడి, దొర్లి, ఆగింది. దుప్పటి లోపలినుంచి, మెల్లగా, కాస్త సిగ్గుగా ఒక గొంతు వినిపించింది.

"చెప్పు ముక్క పెట్టాగా, అమ్మాయ్."

దుప్పటి తొలగింది. చెమటతో తడిసిన మొహంతో పెద్దమ్మ.

మేడం అక్కడే గోడకి ఆనుకుని కూలబడి, మొదట ఏడ్చి, తర్వాత నవ్వి, తర్వాత మంచినీళ్ళు అడిగింది.

పెద్దమ్మ అన్నీ చెప్పింది. వయసులో ఉన్నప్పుడు ఒక ఆటల హాల్లో ఊడ్చేదట. ఇలాంటి యంత్రాలు బాగుచేసే ఆయన్నే పెళ్ళాడింది. హాలు మూశాక ఇద్దరూ కలిసి ఆడేవాళ్ళు. ఎక్కువ పాయింట్లు కొడితే ఇంకో ఆట ఊరికే వస్తుంది, అప్పుడు లోపలున్న చిన్న మేకు చెక్కని కొడుతుంది. అదే ఆ ఠక్. "ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ మోత వింటే ఆ పూట మనిషి పక్కనే ఉన్నట్టుంటుంది. వెలుతురు వీధిలోకి కనబడకుండా దుప్పటి కప్పుకుంటా. ఎవరూ రాకుండా ఆ మాటలన్నీ పుట్టించా. తప్పే."

"ఆ చెప్పు ముక్కేంటి పెద్దమ్మా?"

పెద్దమ్మ వంగి యంత్రం ఎడమకాలు కిందనుంచి మెత్తటి నల్ల రబ్బరు ముక్క లాగింది. "ఈ కాలు పొట్టి. ఇది లేకపోతే బంతి ఎడమకే పోతుంది, ఎంత ఆటగాడైనా ఏం చెయ్యలేడు. ఇంతకుముందు అట్టముక్క పెట్టేదాన్ని, నలిగిపోయేది. పోయేటప్పుడు తీసి కొంగున కట్టుకుపోతా, పగలు ఎవరైనా చూస్తే అడుగుతారని."

మేడం ఆ ముక్కనీ, పొట్టి కాలునీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఫోను తీసింది.

"ఒరేయ్ మరిదీ, నువ్వు యంత్రాన్ని కొలిచింది పగలేనా?"

"పగలే వదినా. రాత్రి దెయ్యం ఉంటుందిగా."

"దెయ్యానికి తెలిసింది నీకు తెలియలేదు. నువ్వు కొలిచింది కుంటి యంత్రాన్ని. వెంటనే రా."

వాలు లెక్కలో ఒకే ఒక్క అంకె మార్చాల్సొచ్చింది. అర్ధరాత్రిదాకా ముగ్గురూ వంతులేసుకుని ఆడారు. మరిది ఓడిపోయిన ప్రతిసారీ తన నెత్తిమీద తనే మొట్టుకుంటుంటే, వదిన చూసి లోలోపల పొంగిపోయింది.

మర్నాడు పదింటికి బాసు పరీక్షల గదికి వచ్చాడు. పట్టపగలు కాబట్టి మెట్లు ఎక్కగలిగాడు.

"తొమ్మిదా? నిన్న నాలుగన్నావ్. చేసినవాడు నీ మరిది. పైగా రెండో సంతకం ఏదీ?"

అక్కడ అదొక పద్ధతి. ప్రతి మార్కుల కాగితంమీదా, ఆడి చూసినవాళ్ళవి రెండు సంతకాలు ఉండాలి, చేసినవాడిది చెల్లదు. పెద్దమ్మ పేరు చెబితే ఆవిడ ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే బల్ల పోతుంది. మరిది తల వంచుకుని నిలబడ్డాడు. "నాలుగే ఉంచండి సార్" అన్నాడు చివరికి.

గుమ్మం దగ్గర ఊడుస్తున్న చీపురు చప్పుడు ఆగింది.

పెద్దమ్మ చీపురు గోడకి ఆనించి, చేతులు కొంగుతో తుడుచుకుని లోపలికొచ్చింది. "కాస్త జరగండి బాబూ" అని తెర ముందు నిలబడింది. ఎవరూ ఏమీ అనేలోపే బంతి పైకి లేచింది. టింగ్... టింగ్ టింగ్... నడుము ఒక్కసారి కుడికి విదిలించింది. ఒక నిమిషం... రెండు... మూడు... బాసు తనకి తెలియకుండానే తెరమీదికి వంగిపోయాడు. బంతి సింహం నోట్లోకి దూకింది.

ఠక్.

బాసు ఎగిరి కుర్చీ వెనక్కి పోయాడు. "అ... అదే... ఆ మోతే... ఆ రోజు..."

పెద్దమ్మ కొంగుముడి విప్పి, నల్ల రబ్బరు ముక్క తీసి, ఆయన ముందు బల్లమీద పెట్టింది.

"భయపడకండి బాబూ. అది నేనే. మీ చెప్పు మాత్రం ఇంతే మిగిలింది."