ఇంటర్వ్యూకి వెళ్ళని అబ్బాయి

ఆదిబాబు కిటికీ దగ్గరికి వస్తే పద్మకుమారికి ఒళ్ళు మండేది. రాకపోతే ఇంకాస్త మండేది. ఈ రెండో సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. తనకు తాను చెప్పుకోవడానికే సిగ్గేసేది.

అది ఎనభై రెండో సంవత్సరం వానాకాలం. పద్మకుమారి జంషెడ్‌పూర్ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో క్లర్కు. పని కావాలన్నవాళ్ళ పేర్లు రాసుకోవడం, మనుషులు కావాలన్న కార్ఖానాలకు వరస ప్రకారం పంపడం, ఇంటర్వ్యూ అంటే కాళ్ళు వణికేవాళ్ళకు నాలుగు ధైర్యం మాటలు చెప్పడం ఆమె ఉద్యోగం. ఎవరికైనా పని దొరికిన రోజు ఆమె టీలో చక్కెర ఎక్కువ వేసుకునేది.

ఆదిబాబు బాగ్‌బేరా రైల్వే క్వార్టర్ల కుర్రాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివాడు. కాలిపోయిన మోటారు ఇస్తే విప్పి, కొత్త తీగ చుట్టి, తిప్పి చూపించగలడు. అంత పనివాడూ వారం వారం వచ్చి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేవాడు.

"మేడమ్, నాకేటైనా ఉందాండి?"

"ఉంటే కార్డు ఇంటికే వస్తుందని చెప్పానా లేదా?"

"సెప్పారండి. పోస్ట్‌మేన్ మీద నాకు భరోసా నేదండి."

"అందుకని ఇంత వానలో రావాలా?"

"తడిస్తేనే కదండీ, లోపలికొచ్చి నిలబడమంటారు!"

ఆమె తలెత్తకుండా "నెక్స్ట్!" అని అరిచేది. అతని వెనక ఎవరూ ఉండేవారు కాదు.

అప్పటికే ఒక ఇంటర్వ్యూకి పంపింది. "సెలెక్టు అవనేదండి," అని బుద్ధిగా తల వంచుకున్నాడు. పాపం అనుకుంది. ఈసారి గమ్హరియాలో మోటార్లు బాగుచేసే చిన్న కార్ఖానాకి అతని వంతు వచ్చింది. మేనేజరు ధర్మరాజుకి ఫోన్‌లో "మంచి పనివాడండీ, నాదీ పూచీ," అని కూడా చెప్పింది.

ఇంటర్వ్యూ మర్నాడు ధర్మరాజే గొడుగు దులుపుకుంటూ ఆఫీసుకొచ్చాడు.

"ఏటమ్మా పద్మకుమారీ, ఇదేనా నీ పూచీ? టెస్టు కోసం మోటారు బల్లమీదెట్టి పొద్దంతా కూకున్నాను. నీ ఆదిబాబు రానేదు."

"రాలేదా?"

"మొన్న ఆదిత్యపూర్‌లో మా తమ్ముడి కార్ఖానాకీ ఎల్లనేదంట. ఇంక మీ ఆఫీసుకో దండం. గేటు కాడ నిలబడినోణ్ణే పెట్టుకుంతాను."

పద్మకుమారికి తల కొట్టేసినట్టయింది. గేటు దగ్గరే మనుషుల్ని తీసుకుంటే, లోపల తెలిసినవాళ్ళు లేనివాడికి పని ఎవరిస్తారు? తన కిటికీని నమ్ముకుని ఎంతమంది ఉన్నారు?

"ఒక్క రోజు ఆగండి, ధర్మరాజుగారూ."

"రేపు పదింటిదాకా సూత్తాను. అంతే," అని ఆయన గొడుగు తెరిచాడు.

ఆఫీసు వదలగానే ఆమె రిక్షా ఎక్కి బాగ్‌బేరా వెళ్ళింది. ఆదిబాబు తల్లి పోలమ్మ గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది.

"ఎక్స్ఛేంజి నుంచి వచ్చానండి," అంది పద్మకుమారి.

"ఓలమ్మా! ఆ మేడమ్మువి నువ్వేనేటి? మావోడు ముద్ద నోట్లో ఎట్టుకున్నా నీ మాటే. రా అమ్మీ, కూకో."

"నిన్న ఇంటర్వ్యూకి ఎందుకు వెళ్ళలేదండీ?"

"ఎల్లాడు కదా! ముందే ఎవుల్నో ఎట్టేసుకున్నారని సెప్పాడు."

సరిగ్గా అప్పుడే ఆదిబాబు ఈల వేసుకుంటూ ఇంట్లోకి వచ్చాడు. ఇద్దరినీ చూసి ఈల మధ్యలోనే మింగేశాడు.

"ఏరా, నాతో అబద్దం ఆడినావేటి?" అని పోలమ్మ చేపతోనే లేచింది.

"నాతోనూ ఆడాడండి," అంది పద్మకుమారి. "ఎందుకు?"

ఆదిబాబు చెప్పులు చూసుకున్నాడు. "ఉద్యోగం వత్తే నా పేరు కొట్టేత్తారు కదండీ."

"కొట్టెయ్యక? ఉద్యోగం వచ్చాక ఎక్స్ఛేంజిలో నీకేం పని?"

"అదేనండి. పని నేకపోతే మిమ్మల్నెలా సూత్తాను?"

పద్మకుమారికి సంతోషమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కోపమే ముందు నోరు తెరిచింది.

"నీకక్కర్లేకపోతే నీ వెనకవాడికి వచ్చేది! వాడి నోటిదగ్గర కూడు చెడగొట్టావు, నా మాట పోగొట్టావు. ఇలాంటి ఇష్టం నాకొద్దు. రేపు పదింటిలోగా గమ్హరియా వెళ్ళు. నా కోసం కాదు, మీ అమ్మ కోసం వెళ్ళు. నా కిటికీకి మాత్రం ఇంకెప్పుడూ రాకు."

చివరి మాట అంటూనే ఆమె వీధి వైపు తిరిగింది. ఆదిబాబు మొహంలో నవ్వు చచ్చిపోయింది. "ఎల్తానండి," అన్నాడు మెల్లగా.

మర్నాడు సాయంత్రం ధర్మరాజు ఫోన్ చేశాడు. "పని వచ్చినోడే. టెస్టు మోటారు బొంగరంలా తిప్పేసినాడు. ఇంకా ఇద్దరు కావాలమ్మా, మీ ఆఫీసు నుంచే పంపు."

ఆఫీసు పరువు దక్కింది. పద్మకుమారి టీలో రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేసుకుంది. ఎందుకో తీపి తెలియలేదు.

ఆ వారం ఆదిబాబు రాలేదు. పై వారమూ రాలేదు. వాన పడితే కిటికీ వైపు చూసేది, ఊచలు ఖాళీగా ఉండేవి. ఒక్కనాడూ చెప్పిన మాట విననివాడు ఇప్పుడే వినాలా, అని లోలోపల తిట్టుకునేది. ఆ తిట్టులోనే ఆమెకు తన మనసు తెలిసిపోయింది.

శనివారం ఒంటిపూట ఆఫీసు అవగానే గమ్హరియా బస్సెక్కింది. దారిపొడవునా ఒక కారణం తయారు చేసుకుంది. తర్వాత తను పంపిన కొత్తవాళ్ళిద్దరూ ఎలా పనిచేస్తున్నారో కనుక్కోవడానికి వచ్చానంటే సరిపోతుంది.

గేటు దగ్గర వానలో గొడుగు వేసుకుని ధర్మరాజే ఎదురయ్యాడు. "ఏటమ్మా, ఆఫీసు పనా?"

తయారు చేసుకున్న అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"కాదండి. ఆదిబాబుని చూడాలని వచ్చాను."

ధర్మరాజు ఆమెను ఎగాదిగా చూసి, మీసాల్లో నవ్వుకుంటూ లోపలికి కేక వేశాడు. ఆదిబాబు చేతుల నిండా మోటారు తీగలకు పూసే వార్నిష్‌తో వచ్చి, ఆమెను చూసి వానలోనే నిలబడిపోయాడు.

"మీరే రావద్దన్నారు కదండీ."

"కిటికీకి రావద్దన్నాను. మా ఇంటికి రావద్దన్నానా? బిర్సానగర్‌లో ఎవరినడిగినా చెప్తారు. రేపు ఆదివారం, మా నాన్న ఇంట్లోనే ఉంటారు. మీ అమ్మగారిని తీసుకుని రా."

"వచ్చి ఏటని సెప్పాలండి?"

"పిల్లనిమ్మని అడుగు," అంది పద్మకుమారి. అనేసి, తన ధైర్యానికి తానే భయపడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆదిబాబు వార్నిష్ చేతులతోనే తల గోక్కున్నాడు. ధర్మరాజే గొంతు సవరించుకున్నాడు. "ఒరే, రేపు నీకు ఓవర్‌టైమ్ ఏసినాను. కేన్సిల్. ముందెళ్ళి ఆ సేతులు కడుక్కో. ఆ రంగుతో ఎల్తే పిల్లనెవులిస్తారు?"