కరెంటు పోలేదు

ఫిల్మ్‌నగర్‌లో మా వాటా మేడమీద. కింద పృథ్వీరాజ్ వాళ్లు. ఆయన ఏళ్ల తరబడి విలన్ వేషాలు వేశాడు. తెరమీద ఆయన ఉరిమితే హాల్లో పిల్లలు ఏడ్చేవాళ్లు. ఆ ఉరుము మాత్రం మా ఆయన జేవియర్‌ది, డబ్బింగ్. పృథ్వీరాజ్ అసలు గొంతు చాక్‌పీసు బోర్డుమీద గీసుకుపోయినట్టు పీలగా ఉండేది.

"అన్న గొంతుమీద బతుకుతున్నా వదినా" అని నవ్వేవాడు.

ముసలితనంలో ముందు ఆయన ఊపిరితిత్తులే చెడ్డాయి. ఇంట్లోనే ఆక్సిజన్ మెషీన్ పెట్టారు. అప్పుడే ఊరవతల కొత్త హైస్పీడ్ రైలును నడిపి చూడటం మొదలుపెట్టారు. రోజూ దీపాలవేళకు మా బల్బులు కుంగేవి. ఒక సాయంత్రం అలా కుంగినప్పుడు మెషీన్ ఆగింది. ఆయన భార్య మంజులత వంటింట్లోంచి వచ్చేసరికే అంతా అయిపోయింది.

ఫిజిక్స్ చెప్పినదాన్ని కదా, విడమరిచి చెప్తాను. కరెంటు మూడు తీగల్లో వస్తుంది. మూడూ సమానంగా మోస్తేనే నిలకడ. రైలు తన బరువంతా ఒకటి రెండు తీగల మీదే వేస్తుంది, మొత్తం ఒక పక్కకి ఒరుగుతుంది. పైగా నున్నగా లాగదు, ముక్కలు ముక్కలుగా కొరుక్కు తింటుంది. ఆ గరుకుకే ఫ్యాన్లు గుర్రుమంటాయి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: బల్బు కుంగిందంటే, ఎవరో ఎక్కడో బలంగా లాగుతున్నారన్నమాట.

కరెంటాఫీసు వాళ్లు "హెచ్చుతగ్గులు పరిమితిలోనే ఉన్నాయండీ" అన్నారు. రైలు వాళ్లు మెషీన్ని అన్నారు. మెషీన్ వాళ్లు కరెంటుని అన్నారు. పరిమితి దాటినవాడు పృథ్వీరాజ్ ఒక్కడే.

తర్వాత జేవియర్ వంతు వచ్చింది, ఆయన ఊపిరితిత్తులూ చెడ్డాయి.

"మెషీన్ పాడవలేదక్కా. అన్నయ్యకి పెట్టండి" అంటూ మంజులత దాన్ని పైకి పంపింది. నేను ఇన్వర్టర్ పెట్టించాను. పక్కన సిలిండర్ కూడా ఉంచాను.

ఒక సాయంత్రం వాన ముసురు. ప్రార్థన చేసుకుని కళ్లు తెరిచాను. బల్బు ఎర్రబడింది. ఫ్యాన్ గుర్రుమంది. మెషీన్ దగ్గి... ఆగింది.

ఇన్వర్టర్ అందుకోలేదు. కరెంటు పోతేనే అది అందుకుంటుంది. పోకుండా కుంగితే, ఇంకా ఉందిలే అనుకుని ఊరుకుంటుంది.

గదిలో కొబ్బరినూనె వాసన... మేకప్ తుడిచే నూనె. మా ఇంట్లో మేకప్ వేసుకునేవాళ్లు లేరు.

"అన్నా..."

పీల గొంతు. మంచంమీంచే. జేవియర్ నోరు బిగుసుకుపోయి ఉంది. పెదాలు నీలం. కదలట్లేదు.

"గొంతిచ్చావు... కాస్త ఊపిరి కూడా ఇవ్వవూ?"

"పృథ్వీ, వద్దు బాబూ" అన్నాను గుసగుసగా. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలీదు. ట్యూబ్ పీకాను. సిలిండర్‌కి తగిలించాను. తాళం తిరగలేదు... చేతులు చెమట... కొంగుతో పట్టుకుని తిప్పాను.

బుస్సుమంది.

జేవియర్ ఛాతీ లేచింది. పడింది. మళ్లీ లేచింది. బల్బు తెల్లబడింది.

లైన్‌మన్ భిక్షానికి ఫోన్ చేశాను. "మళ్లీ మీ రైలేనా నాయనా? మనిషి ప్రాణం పోబోయింది!"

"రైలేందమ్మా? మొన్నటి సంది బంద్ పెట్టిండ్రు గద. గీడ లైన్ మంచిగనే ఉంది. మీ ఇంట్లనే ఏదో గుంజుతున్నట్టుంది, జర చూస్కోండ్రి."

ఫోన్ పెట్టేశాను. మెషీన్ ప్లగ్గు కూడా పీకేశాను. జేవియర్ కళ్లు తెరిచాడు. రంగు తేరుకుంది. "దేవా, నీకు స్తోత్రం" అంటూ నుదుటిమీద చెయ్యి వేశాను.

"మంచినీళ్లు, వదినా."

మాట ముందు వినబడింది. ఆయన పెదాలు ఆ తర్వాత కదిలాయి.