పేరెత్తని పిల్ల

"అన్నా, ఇది మా నెవెనా కేక్ కాదు!"

సునంద నోట మొదటి మాట పడగానే గజేందర్ మనసు చివుక్కుమంది. కేక్ మారినందుకు కాదు, 'అన్నా' అన్నందుకు. ఇంత చక్కని పిల్ల మొదటి చూపులోనే అన్నను చేసిపారేస్తే ఏ మగాడికి బాగుంటుంది, మీరే చెప్పండి!

గజేందర్‌ది కోరుట్ల దగ్గర పల్లె. దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్‌లోని కేకుల షాపులో డెలివరీ డ్యూటీ. సునందది నిర్మల్ దిక్కు. ముఐథర్‌లో ఒక క్రెష్‌లో ఆయా. ఆ క్రెష్‌కి వచ్చేవాళ్ళలో యూరప్ పిల్లలే ఎక్కువ.

"డబ్బా మీద నెవెనా అనే ఉన్నది గద!" అన్నాడు గజేందర్.

"లోపల డైనోసార్ ఉన్నది. మా పిల్లకు బంతిపూల కేక్ చెప్పిండ్రు. నెవెనా అంటె వాళ్ళ భాషల బంతిపువ్వు, ఎర్కనా?"

"గట్లనా! మా ఊరికొస్తె బంతవ్వ అంటరు పో!"

సునందకు నవ్వొచ్చింది. కోపంగా ఉండాలని గుర్తొచ్చి మొహం తిప్పేసుకుంది. "యల్లా అన్నా, జల్ది పోయి మా కేక్ పట్కరా."

మళ్ళీ అన్న! తల పట్టుకుని వ్యాన్ ఎక్కాడు పాపం.

ఆ తర్వాత ముఐథర్ డెలివరీ ఏదొచ్చినా అతను ఎవరికీ వదల్లేదు. ప్రతి కేకు మీదా ఒక వింత పేరు. ప్రతి పేరుకీ ఒక అర్థం. పిల్లల తల్లుల దగ్గర ఆరా తీసి సునంద అతనికి చెప్పేది. రాసా అంటే మంచుబొట్టు. వెస్నా అంటే వసంతం. ఓర్లా అంటే బంగారు రాకుమారి.

"మార్గిట్ అంటె ముత్యమట," అంది ఒకరోజు. "మా నాయనమ్మ పేరు ముత్తవ్వ. గా పొల్లను ఎత్తుకుంటె మా నాయనమ్మను ఎత్తుకున్నట్టే ఉంటది."

అంటుంటేనే ఆమె కళ్ళు చెమర్చాయి. గజేందర్ ఆ రోజే నిలువునా మునిగిపోయాడు.

కొన్నాళ్ళకి ఇంకో వింత. 'అన్నా' అనడం మానేసింది. పోనీ గజేందర్ అంటుందా? అదీ లేదు. "ఇగో", "గిటు సూడు", "ఏమాయె, గింత లేటు?" అంతే. పరాయివాడిని చేసిందేమోనని గజేందర్‌కి అన్నం సయించలేదు.

ఇంతలో ఊరి నుంచి తల్లి సాయవ్వ ఫోన్.

"దుబాయ్‌ల ఎన్నేండ్లుంటవ్ రా? పిల్లను చూసినం. రేపు మాటిస్తం. నీ మనసుల ఎవరన్న ఉంటె ఇయ్యాల్నే చెప్పు."

"ఖతర్ అమ్మా, దుబాయ్ కాదు."

"ఏదైతేంది! పిల్ల సంగతి చెప్పు."

ఏం చెబుతాడు? అడిగితే కదా తెలిసేది! కేకు లేకుండానే క్రెష్‌కి పరుగెత్తాడు. ఎన్నడూ లేనిది సరిగ్గా అప్పుడే వాన.

గేటు దగ్గర కాపలా షబానాది. బోధన్ మనిషి. లోపలివాళ్ళు వచ్చి, మనిషిని చూసి, పేరు చెబితేనే గేటు తీయాలని ఆ వారమే కొత్త రూలొచ్చింది. కబురందుకుని సునంద వరండాలోకి వచ్చింది. గేటు బయట తడిసి ముద్దవుతూ గజేందర్.

"ఎవరే ఈయన? పేరు చెప్పు, తీస్త," అంది షబానా.

"ఆయినె అక్కా... కేకాయినె."

"కేకాయినెకు పేరు లేదా? సీర్షా, ఎలోవెన్ అని పొద్దందాక పిల్లలను గడగడ పిలుస్తవ్ గద! ఈ ఒక్క పేరుకు నోరు తిరుగదా?"

సునంద మొహం ఎర్రబడింది. చున్నీ కొస వేలికి చుట్టుకుంది. "నేను చెప్పొద్దక్కా. మా దిక్కు చెప్పరు."

షబానా బుగ్గ మీద వేలేసుకుంది. "యా అల్లా! మా దిక్కు గూడ మొగని పేరెత్తరు. గని అది పెండ్లైనంక గదనే!"

గజేందర్‌కి గుండె ఒక్కసారి ఝల్లుమంది. పరాయివాణ్ణి చేసిందనుకున్నాడు ఇన్నాళ్ళూ, మట్టిబుర్ర!

"సునందా, రేపు మా అమ్మ వేరే పిల్లకు మాటిస్తదట. ఏం చెప్పాలె?"

సునంద తలెత్తింది. ఇప్పుడు సిగ్గు లేదు, భయమే. గేటు ఊచల్లోంచి చెయ్యి చాపింది. "ఫోన్ కలుపు. నేనే మాట్లాడ్త."

అటు నుంచి సాయవ్వ, "ఎవరు బిడ్డా?" అంది.

"నేను సునందను... అత్తమ్మా."

గజేందర్ ఊపిరి బిగబట్టాడు.

"మావాడున్నడా ఆడ?"

"ఉన్నడు అత్తమ్మా. గేటు బయట వానల తడుస్తున్నడు."

"అయ్యో, వానికి జల్ది జలుబు చేస్తది బిడ్డా! లోపటికి పిలిచి, ముందుగాల తల తుడువు. రేపటి సంగతి నేను చూసుకుంట."

షబానా ఇక పేరడగలేదు. గేటు బార్లా తీసింది.