తూటాకు పగలని అద్దం

అద్దాలు మూసిన కారులో పసిబిడ్డ చిక్కుకుపోవడం. ఏజెంట్ పిచ్చుకకు లోకంలో అన్నిటికన్నా భయం అదే. కణతకు పిస్టల్ ఆనించినా బెదరదు. అత్తగారి ఒళ్లో వదిలొచ్చిన తన చంటిది గుర్తొస్తే మాత్రం గుండె జారిపోతుంది.

ఆ ఉదయం చీఫ్ బ్రీఫింగ్ మూడు ముక్కల్లో ముగిసింది.

"విదేశీ ముఠా. మిస్సైల్ మైక్రోఫిల్మ్. వాళ్ల కారు రేవు చేరకూడదు."

"కారులో ఎవరెవరు సార్?"

"టోపీ అని వాళ్ల బాస్. పక్కన జాజి. అది మన మనిషో వాళ్ల మనిషో దానికే తెలియాలి."

పిచ్చుక మెకానిక్ వేషంలో వాళ్ల కారున్న సర్వీస్ షెడ్డులో దూరి, ఆల్టర్నేటర్ వెనక వైరు పీకేసింది. ఇక ఇంజన్ ఎంత తిరిగినా బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కదు. ఉన్న కాస్తా తాగేసి బండి దారిలోనే చతికిలబడుతుంది.

మిట్టమధ్యాహ్నం రేవు రోడ్డు మీద అలాగే చతికిలబడింది. టోపీ దిగి బానెట్ ఎత్తాడు, తిట్టుకున్నాడు, సూట్‌కేసుతో పరుగందుకున్నాడు. వెనకే వ్యానులో వచ్చిన పిచ్చుక వాడి వెంట పడబోయి ఆగింది. ఎత్తుమడమల చెప్పు ఊడదీసి జాజి, తూటాకే పగలని ఆ కారు అద్దాన్ని బాదుతోంది. లోపల, వెనక సీట్లో నాలుగేళ్ల బాబు.

"చూద్దామని దిగాను. తలుపు మూస్తే అన్నిటికీ లాక్ పడింది. తాళం లోపలే ఉంది! వీడికి ఆ తలుపు బరువు, లాగలేడు!"

పొద్దున చీఫ్‌ని పిచ్చుక కారులో ఎవరెవరని అడిగింది. పిల్లలున్నారా అని అడగలేదు.

"టోపీని పట్టు!" చెవిలో చీఫ్ అరుపు.

"పోతే పోనీండి సార్."

వ్యాను బ్యాటరీ నుంచి కేబుల్స్ లాగి కారు బ్యాటరీకి తగిలించింది. డ్యాష్‌బోర్డు వెలిగింది. బాబు తన పక్కనున్న స్విచ్ నొక్కాడు. అద్దం కదల్లేదు. మోటారు కనీసం మూలగలేదు.

"విండో లాక్ నొక్కారా?"

జాజి తల బాదుకుంది. "వీడు ఆడతాడని నేనే నొక్కాను. నా చేతులు విరిగిపోనూ!"

"ఆ లాక్ డ్రైవర్ అద్దాన్ని ఆపదు. ముందుకి రమ్మనండి."

"ముందుకి రా నాన్నా!"

బాబు ముందుకే వచ్చాడు, ముక్కు అద్దానికి చప్పిడయ్యేంత ముందుకి. వాడి జుట్టు చెమటకు అంటుకుపోయింది.

పిచ్చుక గాలిలో స్టీరింగ్ తిప్పింది. "డుర్ర్ర్! డ్రైవరు గారూ, బండి తియ్యండి! టైమైపోయింది!"

వాడు తూలుతూనే సీట్ల మధ్య నుంచి పాకి స్టీరింగ్ ముందు కూలబడ్డాడు. కనబడ్డ మీటలన్నీ నొక్కాడు. డ్రైవర్ అద్దం సర్రున దిగింది. తల్లి వాణ్ణి బయటికి లాగి నీళ్లు తాగించింది.

"దేవతలా వచ్చావు చెల్లీ. నా తప్పుకి వీడు..."

"తప్పు నాదక్కా. ఛార్జింగ్ వైరు పీకింది నేనే."

చెంప ఛెళ్లుమంది. ఆ చేత్తోనే జాజి తన భుజం సంచిలోని బాబు పాలసీసా మూత తిప్పి మైక్రోఫిల్మ్ తీసి ఇచ్చింది. "తీసుకో. ఆ టోపీ సూట్‌కేసులో ఉన్నవి వీడి లాగులు."

"మిషన్ సక్సెస్!" చీఫ్ గొంతు. "గాయాలేమైనా?"

"చెంప ఒక్కటే సార్."

కథ చదువుతున్న అమ్మల్లారా, అయ్యల్లారా! మీ కారు ఎండలో ఉందా? వెనక సీట్లో ఎవరైనా నిద్రపోతున్నారేమో, పుస్తకం పక్కన పెట్టి ఒక్కసారి చూసి రండి.