గడప దగ్గర ఆగిన లోహం

శవం కిటికీ కింద దొరికింది.

మోటార్ల వైండింగ్ షాపు వెనక స్టోర్ రూమ్ అది. రెండు మంచాలు వేస్తే నిండిపోయేంత గది. గోడలన్నీ మసి. వార్నిష్ డబ్బాలు పేలిపోయి పడున్నాయి. పోయినవాడు ఆ షాపు యజమాని. సగం ఊరి పంపులకి తన చేత్తో రాగితీగ చుట్టిన మనిషి. అందరూ పెద్దమేస్త్రీ అనేవారు. నిన్న మధ్యాహ్నం మంటల్లో పోయాడు.

ఈ ఉదయం ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి కేసు తేలిపోయింది. కనీసం ఎస్సై లెక్క ప్రకారం తేలిపోయింది.

"షార్ట్ సర్క్యూట్ మేడమ్," అన్నాడతను జేబుల్లోంచి చేతులు తియ్యకుండానే. "ఈ గదికి పోయిన వారం కొత్త కేబుల్ లాగింది ఈయన అల్లుడే. ఎలక్ట్రీషియన్. జాయింటు సరిగ్గా వెయ్యలేదు. లోపలేశాం. నాలుగింటికి కోర్టు. మీరు అనవసరంగా శ్రమపడ్డారు."

శ్రమ అన్న మాటని చాలా మెత్తగా అన్నాడు. ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్ళు మండింది. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి పోలీసుల్లోకి వచ్చిపడ్డ మనిషి. స్టేషన్‌లో ఆవిడకి వెనకాల పెట్టిన పేరు పచ్చిమిరపకాయ. ముందు అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఆవిణ్ణి ఇక్కడికి రప్పించింది పెద్దమేస్త్రీ కూతురు. పొద్దున్నే జీపుకి అడ్డంగా నిలబడింది. "మా నాన్న పోయాడు. ఇప్పుడు మా ఆయన్ని కూడా మింగుతారా?" అంది. ఏడవలేదు, తిట్టింది. ఏడ్చేవాళ్ళ మాట కంటే తిట్టేవాళ్ళ మాట ముందు వినాలని ఇన్‌స్పెక్టర్ నమ్మకం.

షాపు ముందు గదిలో స్టూలు మీద పెద్దమేస్త్రీ భార్య కూర్చుంది. పక్కనే కొడుకు. అతన్ని చిన్నమేస్త్రీ అంటారు. కుడి అరచేతికి కట్టు. కూతురు మాత్రం వీధి మెట్టు మీదే నిలబడింది. తల్లి లోపలికి రానివ్వలేదు.

"ఆ కరెంటోణ్ణి చేసుకోవద్దని తల బాదుకున్నా," అంది తల్లి గాలిలోకి. "తండ్రినే పొట్టన పెట్టుకుంది. వాడికి శిక్ష పడితే కళ్ళారా చూసి చస్తా."

"అమ్మా, నువ్వు నిన్నట్నించీ చావడం గురించే మాట్లాడుతున్నావు. చచ్చింది నాన్న," అంది కూతురు మెట్టు మీంచి.

"నోర్ముయ్," అన్నాడు చిన్నమేస్త్రీ.

ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"పొగ ఎప్పుడు చూశావు?"

"రెండుంబావుకి."

"ఎక్కడున్నావు?"

"ఇక్కడే, బెంచీ దగ్గర. మోటారు విప్పుతున్నా. ఒక్కణ్ణే."

"స్టోర్ రూమ్ తలుపు?"

"దగ్గరగా వేసుంది. గడియ పెట్టలేదు. పొగ సన్నగా మొదలవగానే పరిగెత్తుకెళ్ళి బార్లా తెరిచా. మంట మొహానికి కొట్టింది. నీళ్ళకి పరిగెత్తా."

"తలుపు మళ్ళీ మూశావా?"

"ఎందుకు మూస్తా మేడమ్? నాన్న లోపలుంటే!"

"చెయ్యి ఎలా కాలింది?"

"తలుపు లాగినప్పుడు."

"గదిలో ఏముండేవి?"

"వార్నిష్, థిన్నర్, కాయిళ్ళు ఎండబెట్టే హీటరు, రాగితీగ. మా షాపులో రాగి తప్ప ఇంకోటి చుట్టం. అల్యూమినియాన్ని నాన్న గడప తొక్కనిచ్చేవాడు కాదు."

"అంత పగేంటి దాని మీద?"

చిన్నమేస్త్రీ గడగడా అప్పజెప్పాడు. "ఒకే లావు తీగలో రాగి మోసినంత కరెంటు అల్యూమినియం మొయ్యలేదు. వేడెక్కుతుంది, జాయింట్లు వదులవుతాయి. స్తంభాల మీద దూరం లైన్లకైతే అదే మంచిది. తేలిక, చవక. మోటారు లోపల మాత్రం రాగే ఉండాలి. ఇదీ నాన్న పాఠం."

"పాఠం బాగానే ఒంటబట్టింది," అంటూ ఆవిడ లేచింది.

స్టోర్ రూమ్‌లో ఎస్సై టార్చి పైకి కొట్టాడు. అటక కింది నుంచి కేబుల్ పోతోంది. పైతొడుగు కాలిపోయింది. మధ్యలో ఒక్కచోట రాగి కరిగి, తెగి, ముద్దకట్టింది.

"చూడండి. రాగి కరగాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి. మామూలు మంటకి అంత ఎక్కడిది? షార్టయితేనే అలా కరుగుతుంది. ఈ మాత్రం మాకూ తెలుసు మేడమ్."

తెలుసు. సగం తెలుసు. ఆ సగమే అల్లుణ్ణి లాకప్‌లోకి తోసింది.

ఇన్‌స్పెక్టర్ స్టూలెక్కి ఆ ముద్దని గోటితో గీసింది. మసి పోయింది. కింద ఎర్రగా ఉండాల్సిన రాగి తెల్లబడి ఉంది. చిన్న కొసని వంచబోయింది. వంగలేదు. పుటుక్కున విరిగింది.

మిగతా కేబుల్‌ని వంచి చూసింది. చెప్పినట్టు వంగింది. కింది అరలో కాయిళ్ళు నల్లబడ్డాయి గానీ ఒక్కటీ కరగలేదు.

"నేల మీద ఇదేంటి?" అంది దిగి.

అటక కింద మొదలై తలుపు దాకా బూడిదరంగు లోహం అట్టులా పరుచుకుని గడ్డకట్టింది. నిన్నట్నించీ అందరూ దాని మీదే నడుస్తున్నారు.

"సీసమో ఏదో కరిగుంటుంది," అన్నాడు ఎస్సై.

ఫొటోలు తీయించాక గడ్డపారతో పెళ్ళగించారు. పెద్ద పీటంత పలక ఊడొచ్చింది. ఇన్‌స్పెక్టర్ దాన్ని ఒంటిచేత్తో ఎత్తింది.

"సీసమైతే నడుం విరిగేది. రాగైనా అంతే. ఇది అల్యూమినియం."

పలకకి మూడు వైపులా అంచు వంకరటింకరగా ఉంది. తలుపు వైపు అంచు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. ఆవిడ దాని వంక చాలాసేపు చూసింది. తర్వాత ఒక బకెట్టు నీళ్ళు తెమ్మంది.

"గది కడుగుతారా మేడమ్?" ఎస్సై నవ్వాడు.

"కడుగుతా. అందర్నీ పిలువు. మెట్టు మీదున్న ఆ అమ్మాయిని కూడా."

ఇరుకు నడవలో ముగ్గురూ నిలబడ్డారు. తల్లి కూతురికి భుజం తగలకుండా గోడకి ఒదిగింది. ఇనుప తలుపు బయటివైపు బార్లా తెరిచి ఉంది.

"ఎస్సై గారు చెప్పింది నిజమే," అంది ఇన్‌స్పెక్టర్. "రాగి అంత తేలిగ్గా కరగదు. కానీ అల్యూమినియం అందులో మూడొంతుల్లో రెండొంతుల వేడికే నీళ్ళవుతుంది. వార్నిష్ మంటకి అది చాలు. ఆ నీళ్ళు రాగి మీద పడితే రాగిని కూడా తినేస్తాయి. రెండూ కలిసి ఇలా తెల్లగా, పెళుసుగా అవుతాయి. అటక మీంచి కరిగి కారిన లోహం కేబుల్ మీద పడింది. కేబుల్ వల్ల మంట రాలేదు. మంట వల్ల కేబుల్ పోయింది. జాయింటులో తప్పు లేదు."

కూతురు గోడ పట్టుకుంది.

"మరి గడప తొక్కని అల్యూమినియం ఇంత ఎలా వచ్చింది?"

"నేను తేలేదు," అన్నాడు చిన్నమేస్త్రీ.

"నువ్వు తెచ్చావని నేనన్నానా?"

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడు. తల్లి అతని వంక తిరిగింది.

"రాగిరంగు పూత వేసిన అల్యూమినియం తీగ చుట్టలు అటక మీద దాచావు. రాగని చెప్పి మోటార్లకి చుట్టావు. నిన్న మీ నాన్న అటకెక్కాడు. అంతేనా?"

"ఊరంతా అదే చేస్తున్నారు. సాక్ష్యం ఏదీ?"

ఇన్‌స్పెక్టర్ బకెట్టెత్తి గది లోపల వొంపింది. నీళ్ళు మసిని మోసుకుంటూ నేల వాలు వెంట జారాయి. గడప దాటాయి. చిన్నమేస్త్రీ కాళ్ళు తడిపి నడవలోకి పోయాయి.

"కడిగిన నీళ్ళు బయటికి పోవాలని నేల ఇటు వాలుగా కట్టారు. పొగ సన్నగా ఉండగానే తలుపు బార్లా తెరిచానన్నావు. మళ్ళీ మూయలేదన్నావు. అలాగైతే కరిగిన లోహం కూడా గడప దాటి రావాలి. రాలేదు. ఇనుప తలుపుకి ఆనుకుని, ఇదుగో, తిన్నగా గడ్డకట్టింది. లోహం కరిగి పారేదాకా ఈ తలుపు మూసే ఉంది. ఆ తర్వాతెప్పుడో జనం వస్తుంటే నువ్వు తెరిచావు. పొగ మొదట్లో ఇనుప గడియ చల్లగా ఉంటుంది. నీ అరచెయ్యి కాల్చేంత ఎర్రగా ఎప్పుడవుతుంది?"

ఎస్సై జేబుల్లోంచి చేతులు తీసి, ఎందుకైనా మంచిదని చిన్నమేస్త్రీ వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"నేను తగలబెట్టలేదు," అన్నాడతను చివరికి. "రేప్పొద్దున్నే మోటార్లిచ్చిన అందరి ఇళ్ళకీ వెళ్ళి చెప్పేస్తానన్నాడు. అల్యూమినియం వాడటం తప్పు కాదురా, దాన్ని రాగి అనడం తప్పు అన్నాడు. ఇంటింటికీ నన్ను వెంటబెట్టుకుని తిరుగుతానన్నాడు. కోపంలో ఎదురుగా ఉన్న డబ్బాని తన్నా. థిన్నర్ డబ్బా హీటరు మీద పడింది. భయమేసి బయటికొచ్చేశా."

"మంట చేజారి పుట్టింది, ఒప్పుకుంటా. గడియ చేజారి పడదు."

అతను కట్టు ఉన్న చేతిని వెనక్కి దాచుకున్నాడు.

"తలుపు రాకపోతే మీ నాన్న కిటికీ దగ్గరికి పోయాడు. దానికి చువ్వలున్నాయి," అంది ఇన్‌స్పెక్టర్. జాలి చూపించే ఉద్దేశం ఆవిడకి లేదు.

తల్లి కొడుకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"పిలిచాడా?"

అతను తల వంచుకున్నాడు.

"నిన్నే. లోపల్నించి నిన్ను పిలిచాడా?"

"పిలిచాడమ్మా."

"ఏమని?"

అతను తెరిచి ఉన్న ఇనుప తలుపు వంక చూశాడు.

"నాన్నా, తలుపు తియ్యరా... అని."

ముప్పై దాటిన కొడుకుని పెద్దమేస్త్రీ ఇంకా అలాగే పిలిచేవాడు. అతను తల్లి కాళ్ళ మీద పడబోయాడు. ఆవిడ తడినేల మీద రెండడుగులు వెనక్కి వేసింది. ఎస్సై అతని భుజం పట్టుకుని లేపాడు.

ఆవిడ కూతురి వైపు తిరిగి చెయ్యి చాచింది. "పద, అల్లుణ్ణి తీసుకొద్దాం."

"నువ్వు రావొద్దు," అంది కూతురు. చెప్పులేసుకుని జీపు వైపు నడిచింది.