వెనక సీట్లో అత్తగారు

"మూడో కారు కూడా పోయింది," అన్నాడు చీఫ్.

ఎదురుగా కూర్చున్న పిన్ని చేతిలో టీ కప్పు సాసర్ మీద టకటకా కొట్టుకుంది. చీఫ్‌కి ఆవిడతో చుట్టరికమేమీ లేదు. పిన్ని అన్నది ఆమె కోడ్ నేమ్. డిపార్ట్‌మెంట్‌లో ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. ఇంట్లో మొగుడి దృష్టిలో మాత్రం ఆమె ఏదో ఆఫీసులో ఫైళ్ళు సర్దుకునే మనిషి, ప్రస్తుతం "ట్రైనింగ్"లో ఉంది.

"డ్రైవర్లు?"

"ఇద్దరు క్షేమం. కాఫీ తాగి బయటికొచ్చేసరికి కారు లేదు. మూడోవాడు కారుకి అడ్డం వెళ్ళాడు." చీఫ్ కళ్ళజోడు తీసి అవసరం లేకపోయినా తుడిచాడు. "వాడు లేడు."

"కార్లలో మనం దాచిన మనుషులు?"

చీఫ్ అద్దాలు తుడుస్తూనే ఉన్నాడు. పిన్ని టీ కప్పు కింద పెట్టేసింది.

"మన వెంటపడ్డ ఆ ముఠా ఎత్తుకుపోయేది మనుషుల్ని కాదు పిన్నీ. కార్లని ఎత్తుకుపోతుంది. మనిషి మాయమైతే పేపర్లు, టీవీలు, గోల. పరాయి దేశంలో టూరిస్టు కారు పోతే? స్టేషన్లో అయ్యో పాపం అని కుర్చీ వేస్తారు. ఇన్సూరెన్స్ వాడు తప్ప ఏడ్చేవాడుండడు. లోపల ఫలానా మనిషి ఉన్నాడని మనం చెప్పుకోలేం కదా!"

"ఈసారి లోపల ఎవరు సార్?"

"మాస్టారు. ముఠా వాడే కోడ్ మొత్తం తయారుచేసిన లెక్కల మాస్టారు. అక్కణ్ణుంచి తప్పించుకొచ్చాడు. ఆయన్ని కార్లో రేవుదాకా తెచ్చి ఓడ ఎక్కిస్తే చాలు. ముఠాలో ఎవరెవరున్నారో విప్పి చేతిలో పెడతాడు. మన డిపార్ట్‌మెంట్‌లో ఎవరున్నారో కూడా."

"మనవాళ్ళలోనా?"

"మూడు రూట్లూ ఎలా పొక్కాయనుకున్నావు?"

"నన్నెందుకు సార్ పంపడం? నాకసలే భయం."

"తెలుసమ్మా. ఇంటికి తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్ళి, వేశానో లేదో అని వెనక్కొచ్చి లాగి చూసే మనిషివి. ధైర్యవంతులు ముగ్గుర్ని పంపాను, ముగ్గురూ కార్లు పోగొట్టారు. ఈసారి పిరికిదాన్ని పంపి చూద్దామని."

ఇది మెచ్చుకోలో వెక్కిరింతో తేల్చుకునేలోపే ఫైలు మూసేశాడు.

వర్క్‌షాప్‌లో కారు సిద్ధంగా ఉంది. చూడ్డానికి పిల్లల్ని స్కూల్లో దింపే కారులా ఉంది. వెనక సీటు వీపు వెనక మనిషి ముడుచుకుని పడుకునేంత అర. లోపలికి గాలి పంపడానికి బుల్లి ఫ్యాను. మెకానిక్ రెండు సంగతులు చెప్పాడు. ఒకటి, ఆమెకిచ్చిన లిప్‌స్టిక్ తిప్పితే దూరం నుంచే ఇంజన్ ఆగిపోతుంది. రెండోది, ఫ్యాను ఆగితే లోపలి మనిషికి ఓ కప్పు కాఫీ తాగేంత టైముంటుంది. అంతకంటే ఉండదు.

"లిప్‌స్టిక్ పనిచేయకపోతే?" అడిగింది పిన్ని. పనిచేయకపోతే అన్నదే ఆమె మొదటి ప్రశ్న ఎప్పుడూ.

మెకానిక్ నవ్వాడు. "డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజు బాక్సుందమ్మా. పై వరసలో చివరిది పెట్రోలు పంపుది. పీకేస్తే బండి స్టార్టవుతుంది గానీ ఎక్కువ దూరం పోదు."

ఆవిడ తల ఊపింది. ఏ చివరిదో అడగడం మర్చిపోయింది.

కవర్ కోసం భర్త ఒకడు కావాలి కదా! సరిహద్దు దాటాక వచ్చి చేరాడు అందగాడు. అతని పేరెవరూ వాడరు, అవసరమూ లేదు. అతను నడిచొస్తుంటే పెట్రోలు బంకులో అమ్మాయి పైపు ట్యాంకు బదులు బకెట్లో పెట్టింది. తెల్లచొక్కా మీద మడత పడదు, ఎండలో చెమట పట్టదు. ఈ మనిషిని మొగుడంటే ఎవరు నమ్ముతారని పిన్నికి మరో భయం పట్టుకుంది.

మాస్టారు అరలోకి దూరాక దారంతా బాగానే గడిచింది, భయం తగ్గిందని కాదు. ఆగిన ప్రతిచోటా అందగాడు కారు ముక్కు గోడకి ఆనించి పెట్టి, చక్రాలు పూర్తిగా పక్కకి తిప్పేవాడు. డిపార్ట్‌మెంట్ పద్ధతి అది. దొంగ ముందు వెనక్కి తీయాలి, తిప్పాలి, ఈలోపు ఎవరో ఒకరు చూస్తారు. ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ కారులోనే ఉండేవారు. చీఫ్ ఫోన్ చేసి, "అత్తగారికి ఒంట్లో ఎలా ఉంది?" అంటే, "నిద్రపోతున్నారండీ," అని చెప్పేది పిన్ని. వెనక నుంచి ఫ్యాను సన్నగా, దోమ పాడినట్టు పాడుతూనే ఉంది.

రేవు ఇంక కొద్ది దూరం ఉందనగా అందగాడు హైవే పక్కన రెస్ట్ ఏరియాలోకి తిప్పాడు.

"ఓడకి టైముంది. కాస్త కాఫీ తాగుదాం."

"మీరు వెళ్ళిరండి. నేను కూర్చుంటా."

"ఇద్దరం వెళ్దాం పిన్నీ. ఎప్పుడూ ఒకరే దిగుతుంటే అనుమానం రాదూ?"

మాట సబబుగానే ఉంది. కానీ అతను కారు పెట్టిన తీరు అప్పుడు గమనించింది పిన్ని. ముక్కు గోడకి లేదు. బయటికుంది. చక్రాలు తిన్నగా ఉన్నాయి. ఎదురుగా హైవేలోకి వెళ్ళే దారి, మధ్యలో అడ్డమన్నది లేదు. ఎవరో వచ్చి కూర్చుని తీసుకుపోవడానికి వీలుగా, పీట వేసినట్టు పెట్టాడు.

చూసినట్టు కనపడకూడదు. కనపడితే అతని కోటు కింద పిస్తోలుంది.

"చెప్పు జారిందండీ, ఒక్క నిమిషం," అని వంగింది. ఫ్యూజు బాక్సు ఆమె కాళ్ళ దగ్గరే. మూత తీసింది. పై వరసలో చివరిది. ఏ చివర? కుడా, ఎడమా? అతను దిగి ఇటువైపు వస్తున్నాడు. రెండు చివర్లూ పీకేసింది.

వెనక దోమ పాట ఆగిపోయింది.

పిన్ని గుండె కూడా ఆగినంత పనయింది. రెండింట్లో ఒకటి ఫ్యానుది! తిరిగి పెట్టాలి, కానీ ఏది? చెయ్యి బాక్సు దాకా వెళ్ళేలోగా ఆమె పక్క తలుపు తెరుచుకుంది.

"దొరికిందా చెప్పు?" అందగాడు చెయ్యి అందించాడు, సినిమాల్లోలా.

దిగక తప్పలేదు. పిడికిట్లో రెండు ఫ్యూజులు అరచేతిలోకి గుచ్చుకుంటున్నాయి. అతను తాళం వేసి, మోచెయ్యి పట్టుకున్నాడు. దూరం నుంచి చూసేవాళ్ళకి ముద్దుగానే కనిపించి ఉంటుంది. పట్టు మాత్రం పోలీసు పట్టు.

కెఫెలో అద్దం పక్క టేబుల్. అక్కణ్ణుంచి కారు కనిపిస్తోంది. అతను కావాలనే అక్కడ కూర్చోబెట్టాడని తర్వాత అర్థమైంది. కాఫీలు వచ్చాయి. ఓ కప్పు కాఫీ తాగేంత టైము, అన్నాడు మెకానిక్. ఎంత కప్పో చెప్పలేదు.

నీలం ఓవరాల్ వేసుకున్న మనిషి ఒకడు పార్కింగులో తాపీగా నడుస్తూ వాళ్ళ కారు దగ్గర ఆగాడు. జేబులోంచి తాళంచెవి తీశాడు.

పిన్ని హ్యాండ్‌బ్యాగు తెరిచి లిప్‌స్టిక్ తీసి తిప్పింది. మళ్ళీ తిప్పింది.

"దాని బ్యాటరీ నా జేబులో ఉంది," అన్నాడు అందగాడు, చక్కెర కలుపుకుంటూ. "తొందరెందుకు? కాఫీ తాగు."

"మీరా?"

"నేనే."

"ఆ తాళం..."

"స్పేర్ తాళం భర్త దగ్గర కాక ఇంకెవరి దగ్గరుంటుంది?" అంత అందమైన నవ్వు అంత అసహ్యంగా ఉండగలదని ఆమెకప్పుడే తెలిసింది. "చూడు పిన్నీ. గొడవేం లేదు. కారు పోతుంది. ఇద్దరం కలిసి స్టేషన్‌కెళ్ళి ఏడుద్దాం. చీఫ్ రెండు తిట్లు తిడతాడు. నువ్వు నోరు మెదపనంత కాలం హాయిగా ఇంటికెళ్ళి వంట చేసుకుంటావు. మెదిపితే, మీ ఇల్లెక్కడో నాకు తెలుసు."

"లోపల పెద్దాయన, పాపం, గాలి..."

"ఆయన సంగతి వాళ్ళు చూసుకుంటారు."

నిజంగా భయం అంటే ఏమిటో ఆమెకి అప్పుడు అనుభవమైంది. ఇన్నాళ్ళూ గ్యాస్ కట్టానో లేదో అని పడ్డదంతా రిహార్సల్ కింద లెక్క. ఇప్పుడు ఒక మనిషి గాలి ఆమె పిడికిట్లో ఉంది. ఆమే పీకేసింది. కారు పోకుండా చేయబోయి ఆయన ఊపిరి తీసేస్తోంది.

కారు స్టార్టయింది. కదిలింది. సాఫీగా, సంతోషంగా, దొంగసొత్తులా కాకుండా సొంతసొత్తులా వెళ్తోంది. అయితే రెండు ఫ్యూజులూ తప్పేనన్నమాట! కారు పార్కింగు దాటింది. బయటికెళ్ళే ఇరుకు దారిలోకి మలుపు తిరిగింది. ఇంకాస్త ముందుకెళితే హైవే.

దగ్గింది. ఒక్క కుదుపు కుదిపింది. దారికి సరిగ్గా అడ్డంగా ఆగిపోయింది.

వెనకే వస్తున్న పెద్ద లారీ బ్రేకు వేసి ప్రాణం పోయినట్టు హారన్ కొట్టింది. దాని వెనక ఇంకో లారీ, ఇంకోటి. ఓవరాల్ మనిషి తాళం తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. లారీల్లోంచి డ్రైవర్లు దిగుతున్నారు. అతను తలుపు తీసి, సొంత పనేదో గుర్తొచ్చినవాడిలా చెట్ల వెనక్కి వెళ్ళిపోయాడు.

అందగాడి చొక్కా మీద మొదటిసారి మడత పడింది. "పద," అన్నాడు. పరుగులాంటి నడకతో ఇద్దరూ కారు దగ్గరికొచ్చారు. కోటు జేబులో చెయ్యి, ఆ చేతిలో పిస్తోలు.

"కారు పక్కకి తోద్దాం," చెవిలో గుసగుసలాడాడు. "అరిచావో, మొదట వెనక సీట్లోకే కాలుస్తా."

చుట్టూ లారీ డ్రైవర్లు. రోడ్డవతల పెట్రోలింగ్ పోలీసు మోటార్‌సైకిల్ దిగుతున్నాడు. ఆ దేశపు భాష పిన్నికి నాలుగు ముక్కలే వచ్చు. ఆ నాలుగిట్లో 'దొంగ' లేదు. వెనక సీటు లోపల చప్పుడు లేదు. కాళ్ళు, చేతులు, గడ్డం అన్నీ వణుకుతున్నాయి. గొంతు కూడా వణుకుతుందని తెలుసు. కానీ భయంతో వణికే గొంతుకీ కోపంతో వణికే గొంతుకీ బయటివాళ్ళకి తేడా తెలీదు.

"అసలు మీకు బుద్ధుందా అండీ?" అంది, రేవుదాకా వినిపించేట్టు.

అందగాడు అదిరిపడ్డాడు.

"బండి చూసుకోమంటే ఎప్పుడైనా చూశారా? పెట్రోలు చూడరు! టైర్లు చూడరు! అద్దంలో జుట్టు మాత్రం చూసుకుంటారు! కొనేటప్పుడే మా అన్నయ్య చెప్పాడు, ఈ డొక్కు వద్దు బావా అని! మీరు వింటారా? అమ్మేవాడు పళ్ళికిలిస్తే చాలు, ఇల్లు రాసిచ్చే మనిషి!"

మాటలు ఎవరికీ అర్థం కాలేదు. సంగతి అందరికీ అర్థమైంది. మొగుడూ పెళ్ళాల కొట్లాటకి అనువాదం అక్కర్లేదు. లారీ డ్రైవర్లు హారన్లు మానేసి చేతులు కట్టుకున్నారు. ఒకడు ఈల వేశాడు. ఇంకొకడు తన పెళ్ళాన్ని తలుచుకున్నాడేమో, అందగాడి వైపు జాలిగా చూశాడు.

"పిన్నీ, నోర్ముయ్," అన్నాడు పళ్ళ సందుల్లోంచి.

"నేను ముయ్యాలా? నలుగురిలో పరువు తీసింది మీరు, నోరు ముయ్యాల్సింది నేనా? తప్పుకోండి! ముట్టుకున్నారంటే ఊరుకోను!"

తిడుతూనే పక్కసీట్లోకి దూరింది. తిడుతూనే డ్యాష్‌బోర్డు కిందికి వంగింది. "మీ నాన్నగారూ ఇంతే" అన్నప్పుడు మొదటి ఫ్యూజు కుడి చివర దిగింది. "మీ వంశమే అంత" అన్నప్పుడు రెండోది వేళ్ళలోంచి జారి సీటు కింద ఎక్కడికో పోయింది.

ఒక్క క్షణం తిట్లు ఆగాయి. జనం కూడా ఊపిరి బిగబట్టారు. ఆ నిశ్శబ్దంలో దోమ పాట లేదు.

మధ్య వరసలోంచి అదే రంగు ఫ్యూజు ఒకటి పీకింది. ఏదైనా కానీ, రేడియో కానీ, వైపర్ కానీ. ఎడమ చివర గుచ్చింది.

సన్నగా పాట మొదలైంది.

"సిగ్గులేదూ!" అంది పిన్ని, ఏడుపు కలిసిన గొంతుతో. డ్రైవర్ సీట్లోకి జరిగింది. దొంగ వదిలిపోయిన తాళంచెవి దానికే ఉంది. తిప్పింది. ఇంజన్ రెండు సార్లు నసిగి అందుకుంది.

అందగాడు కిటికీ మీదికి ఉరికాడు. కానీ అప్పటికే జాలిపడ్డ డ్రైవర్ వచ్చి, పోనీలే తమ్ముడూ అన్నట్టు, రెండు చేతులా కావలించుకుని వీపు తట్టడం మొదలుపెట్టాడు. తట్టీ తట్టీ కోటు జేబు దగ్గర ఆగాడు. అతని మొహంలో జాలి పోయింది. పట్టు మాత్రం వదల్లేదు. పోలీసు ఈల ఊదుతూ పరిగెత్తుకొస్తుండటం అద్దంలో కనిపించింది. ఆ తర్వాత పిన్ని అద్దంలో చూడలేదు.

కారు ఓడ ఎక్కింది. వెనక ఇనుప తలుపు మూసుకుంది. చీఫ్ తన మనుషులతో ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆమె అతన్ని పలకరించకుండా వెనక సీటు వీపు లాగింది. పిడి దొరకలేదు. మళ్ళీ లాగింది. తెరుచుకుంది.

మాస్టారు మూటలా ముడుచుకుని ఉన్నాడు. కళ్ళు మూసి ఉన్నాయి. మొహంలో నెత్తురు లేదు.

"మాస్టారూ!" భుజం పట్టుకుని కుదిపింది. "మాస్టారూ, మీ కాళ్ళకి దండం పెడతా, కళ్ళు తెరవండి..."

పెదవులు కదిలాయి. దగ్గు వచ్చింది, ఇంకో దగ్గు. ఒక కన్ను తెరుచుకుని ఆమెని, ఆమె వెనక అంతా వెతికి చూసింది.

"అయిపోయాయా తిట్లు?" అన్నాడు నీరసంగా. "ఊపిరాడక స్పృహ తప్పుతోందమ్మా. నీ అరుపులకి మళ్ళీ తెలివొచ్చింది. ఎంత అనుభవముంటే అంత ధారగా వస్తాయి!"

పిన్ని కారు పక్కనే కింద కూలబడి కళ్ళు తుడుచుకుంది.

"పెళ్ళయినప్పట్నుంచీ మా ఆయన కోసం దాచుకున్నవి మాస్టారూ," అంది. "అన్నీ ఆ వెధవకే ఖర్చయిపోయాయి. ఇప్పుడు ఇంటికెళ్ళి ఏమనాలో పాలుపోవడం లేదు."